కొమ్మ మీద కణుపు

మా ఆయన సుందరరాజుకు ఆళ్లగడ్డలో రెండు పేర్లుండేవి. పనిబడినవాళ్లు స్టూడియో రాజు అనేవాళ్లు. పని లేనివాళ్లు పిట్టల రాజు అనేవాళ్లు. పెండ్లయిన మొదటి ఏడాదిలోనే నేను మూడో పేరు ఒకటి పెట్టాను గాని, బడిలో పిల్లలకు పాఠం చెప్పే నోటితో దాన్ని ఇక్కడ రాయలేను.

ఆయన సొంతూరు నంద్యాల. మా మామ మోషే కె.సి. కాలువ కింద వరిమళ్లలో కూలికి పోయేవాడు. కొడుకును పదో తరగతి దాకా చదివించి, ఊళ్లోనే ఒక స్టూడియోలో పనికి కుదిర్చాడు. ఈయన అక్కడ నాలుగేళ్లు ఫోటోలు కడిగే హైపో నీళ్లలో చేతులు నాన్చి పని నేర్చుకుని, 1971లో ఆళ్లగడ్డ బస్టాండు దగ్గర సొంతంగా గది తీసుకున్నాడు. నేను ఆ ఊళ్లోనే చిన్నబడి టీచరును. చర్చిలో చూసుకోవడం, పెద్దలు మాట్లాడుకోవడం, పెండ్లి కావడం, అంతా ఆరు నెలల్లో అయిపోయింది. మా పెండ్లికి ఫోటోలు తీసింది కూడా ఆయనే. కెమెరాను స్టాండుకు బిగించి, మీట తిప్పి, పరుగెత్తుకుంటూ వచ్చి నా పక్కన నిలబడేవాడు. అందుకే మా ఫోటోల్లో పెండ్లికొడుకు ఆయాసపడుతూ ఉంటాడు.

పిట్టల పిచ్చి 1974లో పట్టింది. అహోబిలంలో ఎవరిదో పెండ్లికి పోయాడు. ముహూర్తం ఆలస్యమైంది. ఈయన వాగు దగ్గరికి పోయి కూర్చున్నాడు. ఎదురుగా రాయి మీద లకుముకి పిట్ట. చేతిలో కెమెరా, అందులో పెండ్లివాళ్ల రీలు. మనిషి ఆగలేకపోయాడు. వారం తర్వాత పెండ్లికూతురి నాయన ఆల్బం పట్టుకుని స్టూడియోకు వచ్చాడు.

"తలంబ్రాల ఫోటో తర్వాత ఈ పిట్ట యాడిదప్పా? మావాళ్లా, మగపెండ్లివాళ్లా?"

అట్లా మొదలైంది. ఎవరో అమ్మకానికి పెట్టిన పాత రష్యా కెమెరా, మూరెడు పొడుగు లెన్సు కొన్నాడు. బడికి సెలవైతే నేనూ పోయేదాన్ని. ఆయన లెన్సు మోస్తే నేను చద్ది మోసేదాన్ని. నడక మాత్రం ఇద్దరికీ సమానమే.

స్టూడియో మనిషి కదా, మొదటి ఏడాది తీసిన పిట్టలన్నీ పాసుపోర్టు ఫోటోలే. ముఖం నిటారుగా కెమెరా వైపు ఉండాలి, రెండు కళ్లూ కనపడాలి, తల నడిమధ్యన ఉండాలి. గోరింక పక్కకు తిరిగితే గంటసేపు కాచుకుని, అది నేరుగా చూసినప్పుడే మీట నొక్కేవాడు. కడిగి తీస్తే ముక్కు లేని ముఖాలు! ముక్కు మన వైపు పొడుచుకొని ఉంటే నల్ల చుక్కలాగా కనపడుతుంది గాని ముక్కులా కనపడదు. ఆ వరుసంతా గోడకు తగిలిస్తే అప్పులు వసూలు చేసే మనుషులంతా ఒకచోట చేరి మమ్మల్ని ఉరిమి చూస్తున్నట్టుండేది. "పిట్టకు దరఖాస్తు ఫారం కూడా నింపి ఇయ్యప్పా" అన్నాను. రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మూడో రోజు పికిలి పిట్టను పక్కనుంచి తీసుకొచ్చాడు.

అసలు కథ తీసేటప్పుడు కాదు, కోసేటప్పుడు. పాత చెప్పుల డబ్బా అట్టను కోసి, మూలమట్టంలాంటి ముక్కలు రెండు చేశాడు. చిన్న సైజు ఫోటో మీద ఆ రెండు ముక్కలనూ చట్రంలా కలిపి పెట్టి, దగ్గరికీ దూరానికీ జరుపుతూ ఎంతవరకు ఉంచాలో, ఎంతవరకు తీసెయ్యాలో చూసేవాడు. ఆదివారం ఆరాధన అయినాక మా ఇంట్లో ఇదే పని. ఆకాశం ఎంత, గడ్డి ఎంత, తోక చివర ఎంత చోటు వదలాలి, కొమ్మ మూలనుంచి రావాలా, పక్కనుంచి రావాలా. పిట్టను నింపి చూపించాలని ఆయన పట్టు. కాస్త ఊపిరాడనియ్యమని నా గోల. ఆ అట్టముక్కల ముందు కూర్చున్నామంటే పొయ్యి మీద పప్పు మాడి వాసన వచ్చేదాకా లేచేవాళ్లం కాదు.

ఈ తగవు తీర్చింది వీరన్న. మొదటినుంచీ అడవిలో మాకు దారి చూపించే మనిషి, దిగువ అహోబిలం దగ్గర గూడెంలో ఉండేవాడు. ఎండాకాలం అడవికి నిప్పు తగలకుండా కాపలా కాసే పని అతనిది. ఏ పిట్ట ఏ చెట్టు తొర్రలో గుడ్లు పెట్టిందో అతనికి తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు. ఒకసారి ఆళ్లగడ్డ సంతకు వచ్చి, మా ఇంట్లో మజ్జిగ తాగుతూ, మా ఆయన ముచ్చటపడి కోసుకున్న పాలపిట్ట ఫోటోను చేతిలోకి తీసుకున్నాడు. పిట్ట కుడివైపు చూస్తోంది, కుడివైపు అంచు దాని ముక్కుకు ఆనుకుని ఉంది.

"ఇది యాడికి పోవల్ల రాజన్నా? ముందర గోడ కట్టినావే" అన్నాడు.

నేను రెండేళ్లుగా చెబుతున్నదీ అదే. నేను చెబితే గోల, వీరన్న చెబితే జ్ఞానం. ఆ రోజునుంచి పిట్ట చూసే వైపు ఖాళీ వదలడం మా ఆయన సిద్ధాంతమైంది. నంద్యాలలో తోటి ఫోటోగ్రాఫర్ల దగ్గర ఆ సిద్ధాంతం తన సొంతంలాగే చెప్పుకునేవాడు కూడా.

ఇక 1978 ఏప్రిల్. భవనాశి వాగు గట్టున, మట్టిలో బొరియ చేసుకుని పసిరిక పిట్టల జంట ఒకటి పిల్లల్ని పెట్టింది. పిచ్చుకంత పిట్ట, ఆకుపచ్చ ఒళ్లు, తోక చివర రెండు సన్న ఈకలు. పురుగును పట్టుకొచ్చి, బొరియలో దూరే ముందు ఏదో ఒక పుల్ల మీద ఆగుతుంది. అక్కడ పుల్ల లేదు. మా ఆయన ఎండుకొమ్మ ఒకటి గుచ్చాడు. ఇసుక, నిలబడదు. రాళ్లు పేర్చాడు, పడిపోయింది. మూడోసారి వీరన్న విసుక్కున్నాడు.

"ఇట్ల తే, నేనే పట్టుకుంటా."

ఒంటి మీద ఆకులు కప్పుకుని, గట్టు కింద ఒక మోకాలి మీద కూర్చుని, కొమ్మను నిటారుగా పట్టుకున్నాడు. నేను తాటిచెట్టు నీడనుంచి చూస్తున్నాను. గంట దాటింది. మనిషి ఊపిరి పీలుస్తున్నాడా లేదా అని నాకే అనుమానం వచ్చింది. పిట్ట తూనీగను నోట కరుచుకుని వచ్చి, అతని ముఖానికి మూరెడు దూరంలో, ఆ కొమ్మ మీద వాలింది. మా ఆయన మీట నొక్కాడు. ఒక్కటే ఫోటో, అంతే, ఎగిరిపోయింది.

అంత మంచి ఫోటో ఆయన జన్మలో తీయలేదు. తూనీగ రెక్కల్లో గీతలు కూడా లెక్కబెట్టవచ్చు. కాకపోతే ఎడమవైపు సగం వీరన్న ఉన్నాడు. తల, భుజం, కప్పుకున్న ఆకుల సందున నిప్పు కాపలావాళ్లకు ఇచ్చే ఖాకీ చొక్కా, దాని మీద ఇత్తడి బిళ్ల, పిడికిలి.

నంద్యాలలో ఆ ఏడు ఫోటో పోటీ పెట్టారు. పిట్టలు, జంతువుల విభాగానికి ఒక షరతు ఉంది: ఫోటోలో మనిషి గాని, మనిషి పెట్టిన వస్తువు గాని ఉండకూడదు. మా ఆయన ఫోటో మీద అట్టముక్కలు పెట్టి మూడు ఆదివారాలు జరిపాడు. పైకి జరిపితే పిట్ట కింది అంచు మీద కూర్చున్నట్టుంది. కిందికి జరిపితే వీరన్న జుట్టు కనపడుతోంది. చివరికి ఒక గీత దొరికింది. వీరన్న తల పోయింది, చొక్కా పోయింది, కొమ్మ సరిపడా మిగిలింది. కానీ కొమ్మ అడుగున బొటనవేలు ఒకటి మిగిలింది. అది కూడా కోస్తే కొమ్మ పొట్టిదై ఫోటో అందం చెడుతోంది.

"లూదియా, నీ చేతిలో పని" అన్నాడు.

ఫోటోల మీద మచ్చలు దిద్దే పని నాదే. సన్న కుంచె తీసుకుని, ఆ వేలి గోరు మీద నల్లరంగు అద్ది, చుట్టూ రెండు గీతలు తిప్పి, దాన్ని కొయ్య కణుపు చేశాను. పావుగంట పని. దాన్ని చూసి నేనే మురిసిపోయాను, అబద్ధం ఎందుకు?

మొదటి బహుమతి వచ్చింది. షీల్డు ఇచ్చిన పెద్దమనిషి ఫోటో ముందు నిలబడి, పిట్ట కింద పారే వాగు నీళ్లను ఎంత ఆపేక్షగా చూస్తోందో చూడండి అన్నాడు. అంతటితో ఊరుకోలేదు. ఆ కొమ్మ మీద కణుపును కూడా మెచ్చుకున్నాడు, ప్రకృతి మాత్రమే అట్లా చెక్కగలదట. నేను కొంగు అడ్డం పెట్టుకుని దగ్గాను. తిరిగొచ్చాక స్టూడియో బోర్డు మీద 'ప్రథమ బహుమతి గ్రహీత' అని రాయించుకున్నాడు. వీరన్నకు మిఠాయి పొట్లం ఇచ్చాడు. ఫోటో మాత్రం చూపించలేదు. అతనూ అడగలేదు.

పదేళ్లు గడిచాయి. మేము మిడుతూరు వైపు బీళ్లలో బట్టమేక పిట్ట కోసం తిరిగాం, కాలువ గట్టున కొంగల కోసం తిరిగాం, నడుము నొప్పులు వచ్చాయి. బోర్డు మీద అక్షరాలకు రెండుసార్లు రంగు వేయించాం.

1988 వేసవిలో, బడికి ఇంకా సెలవులు ఇయ్యకముందే, వీరన్న భార్య తిరుపతమ్మ ఒక్కతే బస్సు దిగి మా ఇంటికి వచ్చింది. ఎప్పుడూ అట్లా వచ్చిన మనిషి కాదు.

"ఆయప్ప నోరు తెరిసి అడగడక్కా. అందుకే నేను వచ్చినా. పదేండ్ల కిందటే కాపలా పనిలో ఉన్నట్ల రుజువు సూపిస్తే పని పర్మనెంటు చేస్తారంట. ఈ ఆదివారం పోయి వచ్చే శనివారం ఆఖరంట. మాకు రుజువు యాడిది? కూలి చేతికిచ్చిన మేస్త్రీ సచ్చిపాయె. రాజన్న ఇన్ని ఫోటోలు తీసినాడు గదా, ఆయప్పది ఒకటన్నా ఉండదా?"

"ఉండకేం తిరుపతమ్మా, పెట్టెలు పెట్టెలున్నాయి" అన్నాను ధీమాగా.

మా ఆయన ఎదురుగానే ఉన్నాడు. నేను ఆయన ముఖం చూసి ఉండాల్సింది. చూడలేదు.

మరుసటి రోజునుంచి పెట్టెలు దించాం. నెగటివులన్నీ కవర్లలో నంబర్ల వారీగా ఉంటాయి, తేదీ, చోటు, పిట్ట పేరు నోటు పుస్తకంలో ఉంటాయి. అంత ఒద్దికగా దాచుకున్న వాటిలో వీరన్న ఎక్కడున్నాడంటే, వడ్రంగి పిట్ట పక్కన అతని మోచేయి. నెమలి వెనక అతని నీడ. కముజు పిట్ట ఫోటోలో ఒక మూల తలపాగా కొస. ఒకదాంట్లో వీపు. పద్నాలుగేళ్లు ముందు నడిచి దారి చూపించిన మనిషికి మా దగ్గర ముఖం లేదు. లెన్సులోనుంచి చూసినప్పుడల్లా "వీరన్నా, రవ్వంత పక్కకు పో" అని ఈయన అనడం నేను ఎన్నిసార్లు విన్నానో. విని, చద్దిమూట విప్పుకుంటూ కూర్చున్నాను. నాకు సిగ్గేసింది. పెట్టెల మధ్య కూర్చుని ఏడ్చాను కూడా.

అప్పుడు గుర్తొచ్చింది.

"ఏమప్పా, ఆ బహుమతి ఫోటో నెగటివు యాడ?"

"యాడుందో" అన్నాడు.

ఆ మాట అన్న తీరులోనే తెలిసిపోయింది, ఈయనకు మొదటి రోజునుంచీ గుర్తుందని. నాకు ఒళ్లు మండింది.

"మూడు రోజులు నాతో పెట్టెలు దింపిచ్చినావు! ఆ ఒక్కదాంట్లో ముఖముంది, చొక్కా ఉంది, బిళ్ల ఉంది. బహుమతి కాగితం మీద సంవత్సరముంది. ఇంతకంటే రుజువు ఇంకేం కావల్ల?"

"బహుమతి ఫోటో, ఈ ఫోటో ఒకటే నెగటివని చెప్పకుండా సంవత్సరం ఎట్ల రుజువైతాది లూదియా? చెప్తే మోసం బయట పడదా? పదేండ్లుగా బోర్డు మీద రాసుకున్నా. ఊరంతా నవ్వదా?"

"నవ్వనీ. రెండు రోజులు నవ్వి అలిసిపోతారు. వీరన్నకు ఈ పని పోతే మళ్ల వస్తాదా?"

"వేలు మీద కణుపు గీసింది నువ్వే."

"నేనే. ఆ మాట కూడా నేనే వచ్చి చెప్తా. నీకు భయమైతే ఇంట్లో కూర్చో."

భోజనం చేయకుండా స్టూడియోకు పోయాడు. మా ఆయన పిరికివాడు కాదు. కాకపోతే ఆయన దగ్గర గొప్పగా చెప్పుకోవడానికి ఉన్నది ఆ ఒక్క ఫోటోనే. కూలివాడి కొడుకును పదిమంది పేరు పెట్టి పిలిచేటట్టు చేసింది అదే. అది నాకు తెలుసు గనకే వెంటబడి పోలేదు. సాయంత్రం బడి పిల్లవాడితో కబురు పంపాడు, రమ్మని.

పోయేసరికి డార్క్ రూములో ఎర్ర బల్బు వెలుగుతోంది. బేతంచెర్ల బండలతో కట్టుకున్న తొట్టి ముందు నిలబడి ఉన్నాడు. ఈసారి అట్టముక్కలు పెట్టలేదు, అంచులు మూయలేదు, నెగటివు మొత్తం పెద్ద కాగితం మీద వేశాడు. మందునీళ్లలో ముందు కొమ్మ తేలింది, తర్వాత పిట్ట, తర్వాత వీరన్న. పెదవులు బిగబట్టి, కళ్లు పైకెత్తి, చిన్నపిల్లవాడిలా చూస్తున్నాడు. బిళ్ల మీద పదిహేడు అనే అంకె చక్కగా చదవవచ్చు.

నేను పిట్టను చూశాను. పదేళ్లుగా దాని ప్రింట్లు ఎన్నో దిద్దాను గాని, ఎన్నడూ తోచలేదు. అది చూస్తున్నది నీళ్లను కాదు. వీరన్నను. ఇద్దరూ ఒకరినొకరు చూసుకుంటున్నారు.

"లూదియా, నేను మంచి ఫోటోను కోసి పారేసినా గదే" అన్నాడు.

శుక్రవారం వీరన్నను వెంటబెట్టుకుని ముగ్గురం అటవీశాఖ ఆఫీసుకు పోయాం. నేను బడికి సెలవు పెట్టాను. అధికారి కొత్తగా వచ్చినాయన, నిదానస్తుడు. బహుమతి ఫోటో, బహుమతి కాగితం, పెద్ద ఫోటో, నెగటివు అన్నీ బల్ల మీద పరిచాం. ఆయన రెండు ఫోటోలూ పక్కపక్కన పెట్టుకుని, భూతద్దంతో చాలాసేపు చూశాడు. తూనీగ రెక్కలు సరిపోయాయి. కొమ్మ బెరడు సరిపోయింది.

"దీంట్లో కణుపుంది. దాంట్లో లేదే?" అన్నాడు.

మా ఆయన లేచి నిలబడ్డాడు. "అది కణుపు కాదు సార్, ఈయన బొటనవేలు. పోటీలో గెలవల్లని కోసి, మిగిలింది దిద్దించినా. తప్పు నాది. మనిషి మాత్రం అబద్ధం కాదు సార్. ఆ దినం ఈయన డ్యూటీలో ఉన్నాడు."

"దిద్దింది నేను సార్" అన్నాను నేను.

వీరన్న మా ఇద్దరి వైపూ వింతగా చూశాడు. అతనికి ఈ సంగతులేవీ తెలియవు. ఆ పెద్ద ఫోటోను కూడా అప్పుడే మొదటిసారి చూస్తున్నాడు. అధికారి ఇదంతా కాగితం మీద రాసివ్వమన్నాడు. మా ఆయన నిలబడే రాశాడు, సంతకం పెట్టాడు. కింద నేనూ పెట్టాను. తిరిగి వచ్చేటప్పుడు అహోబిలం జీపులో వీరన్న అడిగాడు.

"నా వేలు సెరిపితే నీకు బహుమతిచ్చినారా రాజన్నా?"

"ఆ."

"మళ్ల ముందే చెప్పింటే వేలు కిందికి పెట్టుకుంటుంటి గదప్పా!"

జీపులో ఉన్నవాళ్లంతా నవ్వారు. మా ఆయన నవ్వలేదు.

ఆ సోమవారమే షీల్డు గుడ్డలో చుట్టుకుని నంద్యాల పోయాడు. పోటీ పెట్టినవాళ్లలో ఒకాయన ఇంకా ఉన్నాడు. షీల్డు వెనక్కి తెచ్చినవాణ్ని ఎక్కడా చూడలేదట, ఏ పుస్తకంలో రాసుకోవాలో తెలియక కాఫీ ఇచ్చి పంపించాడు. వచ్చేటప్పుడే పెయింటరును వెంటబెట్టుకొచ్చి బోర్డు మీద ఆ మాటలు చెరిపించాడు. ఊరు నవ్వింది. నేను అన్నట్టు రెండు రోజుల్లో ఆగలేదు, రెండు నెలలు నవ్వింది.

నవంబరులో వీరన్నకు ఉత్తర్వు వచ్చింది. సర్వీసు పుస్తకంలో అంటించడానికి పాసుపోర్టు ఫోటో ఒకటి కావాలన్నారట. కొత్త చొక్కా వేసుకుని, తలకు నూనె రాసుకుని, తిరుపతమ్మతో స్టూడియోకు వచ్చాడు. మా ఆయన అతన్ని స్టూలు మీద కూర్చోబెట్టాడు. గడ్డం పట్టి తల సరిచేశాడు. లైటు వేశాడు. కెమెరా వెనక్కి పోయాడు, మళ్లీ ముందుకొచ్చి కాలరు సర్దాడు. మళ్లీ వెనక్కి పోయాడు.

"కానీ రాజన్నా, బస్సు పోతాది" అన్నాడు వీరన్న.

ఒకటి తీశాడు. రీలు తిప్పి ఇంకొకటి తీశాడు. కాస్త ఎడమకు తిరగమన్నాడు, మళ్లీ తీశాడు. తిరుపతమ్మను పక్కన నిలబెట్టి తీశాడు, నవ్వమని తీశాడు, నవ్వొద్దని తీశాడు. రీలులో పన్నెండు ఫోటోలు పడతాయి. సర్వీసు పుస్తకానికి ఒక్కటి చాలు. మా ఆయన పన్నెండూ వీరన్నవే తీశాడు, నేను గుమ్మంలో నిలబడి లెక్కబెడుతూనే ఉన్నాను.